గోడకవతల రెండో వయొలిన్

దయ్యాల విషయంలో మా ఇంటిల్లిపాదీ మొండివాళ్లమే. మా అమ్మానాన్నల పెళ్లిచూపులు అమావాస్య నాడు జరిగాయి. హాస్టల్లో అందరూ భయపడి వదిలేసిన గదిలో నేను డిగ్రీ అయ్యేదాకా హాయిగా నిద్రపోయాను. కాబట్టి ఎవరినో నమ్మించాలని ఇది రాయడం లేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం కూడా భయం కాదు, సిగ్గు.

మేముండేది ఐర్లండ్‌లో, నేవన్‌లో. కోవిడ్ రాకముందు రోజూ బస్సులో డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని ఆఫీసుకు వెళ్లేదాన్ని. లాక్‌డౌన్ పెట్టాక ఆఫీసు మా వెనక గదిలోకి వచ్చింది. మాది జంట ఇల్లు, రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడకవతల ఊనా గారు ఒంటరిగా ఉండేవారు. రిటైరైన వయొలిన్ టీచరు. నా చేతిలో వయొలిన్ పెట్టె చూసిన రోజు నుంచి టీకి రమ్మని పిలిచేవారు, పెట్టె కూడా తెమ్మనేవారు. తప్పకుండా వస్తాననేదాన్ని. మొదట్లో తీరిక లేదన్నాను, తర్వాత ఈ కరోనా గోల సద్దుమణగనివ్వండి అన్నాను.

చిన్నప్పుడు తెనాలిలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయించే పద్ధతి. మాస్టారు ఒక సంగతి వాయిస్తే మనం విని తిరిగి వాయించాలి. కచేరీలో పక్కవాద్యం అంటే పాడేవాళ్ల వెనకాలే వెంట్రుకవాసి తేడాతో నడవడం. కాగితం మీద గీతలూ చుక్కలూ చూసి వాయించే పాశ్చాత్య పద్ధతి నాకు ఒక్క ముక్క రాదు.

మా ఆఫీసులో కోలమ్ అని చెలో వాయించే అతను ఉన్నాడు. లాక్‌డౌన్‌లో అతనికి ఒక పిచ్చి పట్టుకుంది. పందొమ్మిదో శతాబ్దపు డేనిష్ స్వరకర్త ఒకాయన రాసిన క్వార్టెట్, అంటే రెండు వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన ఒక వయోలా, ఒక చెలో కలిసి వాయించే కృతి, ఏదో లైబ్రరీ వాళ్ల స్కాన్లలో అతనికి దొరికింది. ఆ స్వరకర్త బతికుండగా కాస్త మెచ్చుకుని, పోయాక మర్చిపోయారట. ఎంత వెతికినా రికార్డింగు దొరకలేదు. మనమే చేద్దామన్నాడు. ఎవరింట్లో వాళ్లు హెడ్‌ఫోన్లో తాళం పెట్టుకుని తమ భాగం వాయించి పంపితే అతను నాలుగూ కలుపుతాడు. రెండో వయొలిన్‌కి మాత్రం మనిషి దొరకలేదు. ఆఫీసు దీపావళికి నేను వాయించడం గుర్తుంచుకుని నన్నడిగాడు.

సరేనన్నాను. నొటేషన్ చదువుతావా అని అతను అడగలేదు, చదవలేనని నేను చెప్పలేదు. మీటింగుల్లో నా మాట రెండుసార్లు చెప్తే గానీ అందని చోట, నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగాడు. ఆ సంతోషాన్ని చేజేతులా పోగొట్టుకోబుద్ధి కాలేదు.

ప్రింటు తీసి చూస్తే పంచదార డబ్బాలో చీమలు కనిపించాయి. రాదని ఒప్పుకుంటే పరువు పోతుంది. అప్పుడే ఒక పాడు తెలివి తట్టింది. ఇంకో ప్రింటు తీసి కవరులో పెట్టి అంటించి, పైన నా పేరూ ఇంటి నంబరూ రాసి, ఊనా గారి తలుపుకున్న లెటర్ బాక్స్‌లోంచి లోపలికి జారవిడిచాను. కొత్త కాగితం చూస్తే టీచరు చెయ్యి ఊరుకోదు. గోడ పల్చన. విని పట్టేద్దామని నా ఎత్తు. ఫోన్ చేసి నేర్పండి అని అడగచ్చు, కానీ అడిగితే రాదని తెలిసిపోతుందిగా.

మర్నాడు మధ్యాహ్నం గోడకవతల వయొలిన్ మొదలైంది. నా ఎత్తు పారినందుకు ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే తల ఎత్తలేను.

ఒక్కో వాక్యం ఒకసారి మామూలుగా, తర్వాత నెమ్మదిగా వినిపించేది. మా మాస్టారి పాఠంలాగే ఉండేది. నేను గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని మెల్లగా పట్టుకునేదాన్ని. గోడలకు చెవులుంటాయంటారు, ఆ రోజుల్లో ఆ చెవి నాదే. ఫోన్లో రికార్డు చేసుకుందామనుకుని, మరీ దొంగతనంలా ఉంటుందని మానేశాను. చేసుకుని ఉంటే ఇప్పుడు ఒక్క సాక్ష్యమైనా ఉండేది.

ఇది నా ఒక్కదాని భ్రమ కూడా కాదు. మా ఆయన శ్రీనివాస్ కాఫీకని కిందికి వచ్చి విన్నాడు. "పెద్దావిడకి అలుపే లేదే. నీకేమో ఫీజు లేకుండా చదువు" అని వెక్కిరించాడు.

రెండో వయొలిన్‌కి పాట దక్కేది తక్కువ. ఎక్కువసేపు కింద చిన్న చిన్న అలలు వాయిస్తూ మొదటివాళ్లని మోయడమే పని. నెమ్మదిగా సాగే భాగంలో మాత్రం ఒకచోట పాట రెండో వయొలిన్ చేతికి వస్తుంది. అక్కడ నా వేలు గమకం వైపు జారిపోయేది. గోడకవతల అదే చోటు మళ్లీ మళ్లీ నిటారుగా, ఏ వణుకూ లేకుండా వినిపించేది, నేను సరిగ్గా పట్టేదాకా. నా తప్పు ఆవిడకి వినబడుతోందేమో అనిపించి ఒళ్లంతా సిగ్గేసింది. అయినా ఆపలేదు.

రికార్డు చేసిన రోజు మంచి ఎండ. కిటికీ తెరిచి కూర్చున్నాను. ఒక చెవిలో కోలమ్ పంపిన తాళం, రెండో చెవి ఖాళీ. నేను మొదలుపెట్టగానే గోడకవతల కూడా మొదలైంది. చివరిదాకా ఇద్దరం కలిసి వాయించాం. అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు.

తర్వాత విని చూస్తే రికార్డింగులో ఒక్క వయొలినే ఉంది. మైకు నా దగ్గర ఉంది కదా అనుకున్నాను. కోలమ్‌కి బాగా నచ్చింది. "మొత్తం ఒక పిసరు వెనకగా ఉంది, ఎవరి వెంటో నడుస్తున్నట్టు. అదే బాగుంది, కదపను" అన్నాడు. ఆ రోజు తర్వాత గోడకవతల మళ్లీ వయొలిన్ వినబడలేదు. ఆవిడ అలిసిపోయి ఉంటారనుకున్నాను. ఒక్కసారి వెళ్లి తలుపు తట్టలేదు.

కొన్నాళ్లకి మాస్కు పెట్టుకున్న ఒకావిడ మా తలుపు తట్టి, గేటు దాకా వెనక్కి వెళ్లి నిలబడింది. ఊనా గారి కూతురట. ఉత్తరాన దూరంగా లెటర్‌కెన్నీ అనే ఊళ్లో ఉంటుందట. కళ్లనిండా నీళ్లతో నాకు థాంక్స్ చెప్పింది.

ఊనా గారు చనిపోయారు. నేను కవరు వేయడానికి ముందే కూతురు వచ్చి ఆవిడని లెటర్‌కెన్నీకి తీసుకెళ్లిందట. ఆవిడ అక్కడి ఆసుపత్రిలోనే పోతే, ఖననానికి ఇక్కడికి తెచ్చారట. ఇక్కడ అంతిమయాత్ర కారు పోయినవాళ్ల ఇంటి ముందు కాసేపు ఆగుతుంది. చర్చిలోకి ఎక్కువమందిని రానివ్వని రోజులు కావడంతో, వీధంతా ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి సాగనంపారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరికీ కబురు వెళ్లింది. చెత్తడబ్బాల పంచాయితీలు పడలేక నేనా గ్రూపును ఎప్పుడో మ్యూట్ చేసి పారేశాను.

"అమ్మ కారు ఆగగానే మీ కిటికీలోంచి వయొలిన్ వినిపించింది. వాయించడానికే మీరు బయటికి రాలేదని రోడ్డు మీద అందరికీ అర్థమైంది. మా అమ్మకి అంతకన్నా ఏం కావాలి?" అంది.

నేను రికార్డు చేసిన రోజే అది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదని తెలుసు. "ఊనా గారంటే మాకు చాలా ఇష్టం" అన్నాను.

ఆవిడ ఒక కవరు గేటు పక్క పిట్టగోడ మీద పెట్టింది. "తలుపు వెనక ఉత్తరాల కుప్పలో దొరికింది, మీ పేరుంది" అంది. నేను అంటించిన అంటు అంటించినట్టే ఉంది. అమ్మ వెళ్లాక ఆ ఇంటి తలుపు తీయడం ఇదే మొదటిసారనీ, తాళం తన దగ్గరే ఉందనీ ఆవిడే చెప్పింది.

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. "మీవారికీ థాంక్స్ చెప్పండి. ఇద్దరూ ఎంత బాగా కలిసి వాయించారు. యూ వర్ గ్రాండ్, ద పెయిర్ ఆఫ్ యూ."

మా ఆయనకి హారతి గంట కూడా తాళంలో కొట్టడం రాదు.

రేడియో అయ్యుంటుందన్నాడు శ్రీనివాస్. రికార్డింగే దొరకని సంగీతం, అందులోనూ ఒక్క రెండో వయొలిన్ భాగం, తప్పిన చోట ఆగి మళ్లీ వాయించే రేడియో ఎక్కడుంటుంది? తర్వాత పట్టుబట్టి నొటేషన్ నేర్చుకున్నాను. ఆ కవరు చింపి చూసుకుంటే, నేను గోడలోంచి నేర్చుకున్నది స్వరం పొల్లుపోకుండా అందులో ఉంది. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు తెలిసిందల్లా ఒక్కటే. టీకి పిలిచిన మనిషి ఆఖరిసారి తన ఇంటి ముందు ఆగితే, నేను గేటు దాకా రాలేదు. ఆవిడకి వీపు పెట్టి కూర్చుని పాఠం దొంగిలించుకుంటున్నాను.

ఆ కూతురు ప్రతి క్రిస్మస్‌కీ మా ఇద్దరి పేర కార్డు పంపుతుంది, ఆ రోజు వాయించిన ఇద్దరికీ అని. నేనూ ఓ కార్డు తిరిగి పంపుతాను. కింద ముందు నా పేరు రాస్తాను. రెండో పేరు దగ్గర పెన్ను కాసేపు ఆగిపోతుంది. తర్వాత మా ఆయన పేరే రాసి అంటించేస్తాను.