గ్రామసభ రిజిస్టర్‌లో నా వేళ్లు

ఇన్నేళ్లుగా మోస్తున్న బరువొకటి ఈ రోజు మీ ముందు దించుతున్నాను. పేరు చెప్పను. చెబితే మా ఊళ్లో సగం మంది నవ్వుతారు, మిగతా సగం నమ్మరు. నేను నోరు తెరిస్తే పరాచికమే అనుకోవడం వాళ్లకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

ఏడో తరగతితో బడికి దండం పెట్టి, మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద చాయ్ హోటల్ పెట్టుకున్నాను. సిటీ వైపు అద్దాల కంపెనీలు లేస్తున్న రోజులవి. ఇటు మా దగ్గర చేనుకో బ్రోకర్ మొలిచాడు. మా సర్పంచ్ మూడేళ్లుగా గ్రామసభ పెట్టలేదు. ఊరంతా కూర్చుని నిలదీసే హక్కు రాజ్యాంగం ఇస్తే, ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఒకరోజు ఆయన మనిషి రిజిస్టర్ తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టాడు. ఊరి గొర్రెలు మేసే ఉమ్మడి గైరాన్ భూమిలోంచి ప్లాట్ల వెంచర్‌కు రోడ్డు ఇవ్వడానికి గ్రామసభ ఒప్పుకుందని ముందే రాసి ఉంది. సంతకాలే లేవు. ఎవరి రాతనైనా అచ్చంగా దించుతానని నాకు పేరు.

దించాను. గొర్రెల మల్లయ్య సంతకం వంకర కూడా పోకుండా గీశాను. వేలిముద్రల వాళ్లకు నా పది వేళ్లూ ఉన్నాయి కదా, వేలికో మనిషి! అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు కోసమే చేశానా? అవును, దాని కోసమే.

ఆ వారంలోనే, ఎక్కడో ఒక దేశంలో రాజ్యాంగాన్ని లెక్కచేయని నాయకుడిని సైన్యం దించేసిందని టీవీలో వచ్చింది. హోటల్‌లో అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

"గట్లుండాలె! మన సర్పంచ్‌ను గూడ మిలటరోళ్లే గుంజుకపోవాలె. ఏం సత్తయ్యన్నా, నీ తుపాకి తుప్పు వట్టిందా?"

సత్తయ్య అన్న సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. గ్లాసు కింద పెట్టాడు.

"తుపాకి అప్పజెప్పే వచ్చిన తమ్మీ. సర్పంచ్‌ను దించినోడు కుర్చీల కూసుంటే, వాన్ని ఎవడు దించాలె? నువ్వా?"

"మరి గిట్లనే మొయ్యాల్నా?"

"ఎందుకు మొయ్యాలె? అడ్డగోలు హుకుమిస్తే సిపాయి గూడ విననని అనొచ్చు. కుర్చీ మాత్రం సిపాయిది కాదు. గ్రామసభ అయిందని రాసుకున్నరంట. కాలేదని అర్జీ పెడ్త. నువ్వు సంతకం పెడ్తవా?"

"నాకు సంతకం యాడ వస్తదన్నా, ఏడో తరగతోన్ని!"

హోటల్ హోటలంతా నవ్వింది.

ఆయన ఒక్కడే అర్జీ పెట్టాడు. చేవెళ్ల నుంచి అధికారి విచారణకు వచ్చాడు. మల్లయ్యను పిలిచి రిజిస్టర్ చూపించాడు. మల్లయ్య చాలాసేపు చూసి, "నా సంతకం లెక్కనే ఉన్నది సారూ" అన్నాడు. అంత బాగా గీశాను నేను. తన చేతినే తాను అనుమానించుకునేంత బాగా. అధికారి ఆ అర్జీ అబద్ధమని రాసుకుని పోయాడు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. ఒక్క మాట చాలు. అనలేదు. పైగా ఆ సాయంత్రమే సత్తయ్య అన్నకు "దొంగ అర్జీల హవల్దార్" అని పేరు పెట్టాను. ఊరు ఆ పేరు ఇప్పటికీ మరువలేదు.

గైరాన్ మీద రోడ్డు పడింది. మల్లయ్య గొర్రెలు అమ్ముకుని హిమాయత్‌నగర్‌కు కూలికి పోయాడు.

నాకు ఒళ్లు మండుతుంది. సర్పంచ్ మీద, చూసిందే రాసుకుపోయిన ఆ అధికారి మీద. "మిలటరీ రావాలి" అని ఇప్పటికీ నా హోటల్‌లో బల్ల గుద్దేవాళ్ల మీద ఇంకా ఎక్కువ. ఎందుకు రావాలి? పక్కవాడు అర్జీ రాస్తే కింద సంతకం పెట్టే దమ్ము లేని మన కోసం ఎవడో బందూకు పట్టుకుని రావాలా? ఆ రోజు నేను అంత గట్టిగా ఎందుకు అరిచాను? సైన్యం వచ్చి దించాల్సినవాడు సర్పంచ్ అయితే, ఆయనకు ఆ బలం ఇచ్చిన చేయి ఎవరిదని ఎవరూ అడగరనా?

సత్తయ్య అన్న ఎదురైతే ఇప్పటికీ బాగున్నావా అంటాడు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. గైరాన్ తిరిగి రాదు. ఈ మాటలు మాత్రం రాయకుండా ఉండలేకపోయాను: ఆ రోజు గ్రామసభ జరగలేదు. ఆయన అర్జీలో ప్రతి అక్షరం నిజం. దొంగను నేను.