శేషయ్య ముక్కు

ఆళ్లగడ్డలో సకీనా చేతిమీదుగా పోని దేవుడు తక్కువ. రాతిపనివాళ్లు బండ మీద అతికించుకుని ఉలి నడిపే గీతల బొమ్మలను ఆమె కంప్యూటర్‌లో గీసి, పెద్ద కాగితాల మీద తీసిస్తుంది. హైవే పక్కన విగ్రహాల షెడ్ల వరుసలో ఒక చిన్న గది ఆమెది. ఏడాదికొకరైనా పెద్దమనిషి వచ్చి, ముస్లిం మహిళ హిందూ దేవుళ్లను గీస్తోందని పొంగిపోయి, ఆమెను కంప్యూటర్ పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుని పోతాడు. ఆ పొంగు ఆమెకు పట్టదు.

“నేను గీసేది గీతలు సార్. దేవుడయ్యేది మీ అయ్యవారొచ్చి మంత్రం చెప్పినాక గదా. అందాకా అది గురవయ్యన్నకు రాయి, నాకు ఫైలు,” అంటుంది.

ఆ ఫైలు పోతుందేమోనన్నదే ఆమె భయం. నంద్యాలలో పెళ్లికార్డులు వేసే చోట కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో, కరెంటు పోయి పెళ్లికూతురి పేరుతో సహా సగం పని మాయమవడం కళ్లారా చూసింది. భర్త సలీం బనగానపల్లె మామిడికాయల వ్యాపారి. కాయ కుళ్లితే వాసనైనా వస్తుంది గదా, ఫైలు కుళ్లితే ఎట్లా తెలుస్తుందని అతన్ని అడిగేది. అతనికీ తెలియదు.

ఇలా ఉండగా గురవయ్య షెడ్డుకు జానకమ్మ వచ్చింది. ఆమెది దగ్గరి పల్లె. భర్త శేషయ్య పోయాడు. సంవత్సరీకం నాటికి ఆయన విగ్రహాన్ని సొంత చేనిగట్టున నిలబెట్టాలని ఆమె కోరిక. గురవయ్య రాయి చూపించాడు, ఎత్తు చెప్పాడు, ఫోటో అడిగాడు. చిక్కు అక్కడే వచ్చింది. శేషయ్య ఫోటో అంటే పారిపోయే మనిషి. పెళ్లి గుంపులో అటు తిరిగిన సగం ముఖం ఒకటి, ఆధార్ కార్డు ఒకటి, అంతే మిగిలాయి. ఆధార్‌లో ఎవరూ తమలా ఉండరు. శేషయ్య మాత్రం మరీ, అప్పుడే ఎవరితోనో తన్నులాడి వచ్చినట్టున్నాడు.

“దీన్ని చూసి చెక్కితే, చేన్లోకి వచ్చినోళ్లనంతా తిట్టేటట్టు ఉంటాడు,” అన్నాడు గురవయ్య.

“తిట్టేటోడేలే. అయినా ఇట్ల గాదు,” అంది జానకమ్మ.

ముఖం తయారు చేసే పని సకీనా మీద పడింది. రెండు ఫోటోలు కలిపి మొదటి బొమ్మ గీసింది. ముక్కు సన్నంగా వచ్చింది. జానకమ్మకు చూపిద్దామనుకుంటుండగానే కంప్యూటర్ మొరాయించింది. సకీనా దాన్ని ఎత్తుకుని నంద్యాలకు, ప్రభాకర్ అంగడికి పోయింది. కంప్యూటర్లు బాగుచేసే ప్రభాకర్ మంచివాడే, కానీ అడిగినదానికి ఒక్క జవాబు చెప్పడం అతనికి చేతకాదు.

“అక్కా, రెండు రకాల సాఫ్ట్‌వేర్లుంటాయి. ఒకటి స్నాప్‌షాట్ తీసేది. ఇంకోటి డిస్క్ ఇమేజ్ తీసేది. స్నాప్‌షాట్ అంటే, ఇప్పుడు డిస్క్‌లో ఏది ఎట్లుందో గుర్తు పెట్టుకుంటాది. ఆపైన నువ్వేదన్నా మారిస్తే, పాతముక్క వరకే తీసి పక్కన దాస్తాది. పొద్దున గీసింది సాయంత్రం చెడగొట్టినావనుకో, రెప్పపాటులో పొద్దుటికి తీస్కపోతాది. చోటు గూడ తక్కువే.”

“ఇంగేం. అదే చాలు.”

“చాలదు. ఇమేజ్ అంటే డిస్క్ మొత్తం, విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లు, ఉండేది ఉన్నట్టు ఇంకో డిస్క్‌లోకి ఎత్తడం. గంటలు పడతాది. గానీ ఈ డిస్క్ సచ్చినా, కొత్తది పెట్టి అంతా దాంట్లోకి దింపొచ్చు.”

“అట్లయితే ఇదే మంచిది.”

“నేనట్ల అనల్యా. సాయంత్రం చెడగొట్టుకున్నదానికి పోయిన వారం ఇమేజ్ ఏం జేస్తాది? పోయిన వారాన్నే చూపిస్తాది.”

“ఏది మంచిదో ఒక్కటి చెప్పప్పా!”

“రెండూ పెట్టుకో.”

“జొరానికి మాత్ర అడిగితే అంగడంతా మూటగట్టిచ్చేటట్టుండావే!”

ప్రభాకర్ నవ్వి, కంప్యూటర్ బాగుచేసి, స్నాప్‌షాట్ తనంతట తాను పడేటట్టు అమర్చాడు. మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, మొత్తం డిస్క్‌ను ఒక చిన్న నల్లటి డిస్క్‌లోకి ఇమేజ్ తీసి చేతిలో పెట్టాడు. వారానికొకసారి ఇట్లా తియ్యమన్నాడు, నల్లడబ్బాను కంప్యూటర్ దగ్గర కాకుండా ఇంట్లో పెట్టమన్నాడు. సకీనా తలూపింది. బస్సు శిరివెళ్ల దాటేసరికి స్నాప్‌షాట్ ఏదో ఇమేజ్ ఏదో తారుమారయ్యాయి. ఆళ్లగడ్డలో దిగేసరికి ఎందుకు తలూపిందో కూడా గుర్తులేదు.

మర్నాడు గురవయ్యను అడిగింది. గురవయ్యకు కంప్యూటర్ తెలియదు, తెలియదన్న సంకోచమూ లేదు.

“దీనికింత ఆలోచనేంది? మాకు ఎప్పట్నుంచో ఉండేదే గదా,” అని చెక్కుతున్న నంది కాళ్ల దగ్గర ఉన్న డబ్బా చూపించాడు.

పగిలి భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదని శాస్త్రం. చెవికొస ఎగిరిన ప్రతి నందినీ పారేస్తే పొయ్యి వెలగదని అనుభవం. ఈ రెండింటికీ రాజీ ఆ డబ్బాలో ఉంటుంది. చెక్కేటప్పుడు రాలిన పొడిని, విగ్రహం షెడ్డు దాటేదాకా అందులో దాస్తారు. ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ పొడినే జిగురులో కలిపి మెత్తి, నున్నగా రుద్ది, నోరు మూసుకుంటారు. ఊళ్లో ఎవరికీ తెలియదు. దేవుడూ ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

“ఏ రాయి పొడి ఆ రాయికే మా. వేరే రాయిది పెట్టినావంటే నాలుగు వానలకు మచ్చ తేల్తాది. డబ్బా గూడ దాని కాళ్లకాడే ఉండల్ల. యాడో పెడితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి,” అన్నాడు.

నంద్యాల నుంచి వచ్చాక సకీనాకు అర్థమైన మొదటి మాట ఇది. మరుసటి వారం ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్ ఎక్కడ పెట్టమంటావని అడిగింది. తెర మీద సి డ్రైవ్, డి డ్రైవ్ పక్కపక్కన కనిపించాయి. ఆమె గీసేదంతా సిలో ఉంటుంది. డి వేరే, అయినా సొంత కంప్యూటర్‌దే. రాయి కాళ్లకాడే డబ్బా. డిలో పెట్టమంది. తర్వాతి వారాల్లోనూ అంతే చేసింది. నల్లడబ్బా వేరే రాయి కింద లెక్క, దాన్ని ఇంట్లో బీరువాలో చీరల కింద తోసేసింది.

ఆ తర్వాతనే జానకమ్మ వచ్చి కూర్చోవడం మొదలైంది. గురవయ్య షెడ్డులో ఒళ్లు చెక్కుతుంటే, పక్కగదిలో ఈమె ముఖం దిద్దించేది.

“ముక్కు అంత సన్నం గాదు మా. లావు. ఇంగా లావు. అయ్యో, అంత గాదు, అది మా మరిదిది.”

“పెదిమలు, అవ్వా?”

“తెరిచి పెట్టు. మూసిందెప్పుడు?”

ఒక పూట సకీనా ముక్కుదూలం మీద చిన్న గీత మార్చింది. కిటికీలోంచి తెర మీద ఎండ పడుతోంది. జానకమ్మ చెయ్యి అడ్డం పెట్టి, “కొంచిం పక్కకు తిప్పు మా. ఆయప్పకు ఎండ పడదు,” అంది. సకీనా తెర తిప్పింది. ఇక దిద్దాల్సింది లేదని ఇద్దరికీ తెలిసింది.

ఒక్క షరతు పెట్టింది జానకమ్మ. విగ్రహానికి ముసుగు తీసేదాకా ఆ ముఖం ఏ ఫోన్‌లోకీ పోకూడదు. “పిల్లోళ్లు అందరికీ పంపి, ముందే దండలేస్తారు,” అంది. కాగితం మీద కూడా అప్పుడే తీయలేదు. గురవయ్య ముఖం ఆఖర్న పట్టుకుంటాడు, అంతకుముందే తీస్తే కాగితం దుమ్ముకూ నీళ్లకూ పాడవుతుంది. అలా శేషయ్య ముఖం లోకంలో ఒక్కచోటే ఉండిపోయింది.

గురవయ్య భుజాలు పూర్తిచేసి, “ఇంగ మొగం తియ్యి,” అని కేకేసిన రోజు, కంప్యూటర్ లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడొచ్చింది. తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

సకీనా దాన్ని ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. పోతూ పోతూ, ఎందుకైనా మంచిదని చీరల కింది నల్లడబ్బానూ సంచిలో వేసుకుంది.

“దీనికి టికెట్ కొట్టాల్నా?” అన్నాడు కండక్టర్.

“కొట్టన్నా. దీంట్లో మనిషుండాడు,” అంది. కండక్టర్ ఆమె ముఖం చూసి ముందుకు పోయాడు.

ప్రభాకర్ విప్పి చూసి పెదవి విరిచాడు. “డిస్క్ పోయింది అక్కా.”

“పోనీ. స్నాప్‌షాట్లుండాయి గదా, దినామూ పడతాండె.”

“అవి దీంట్లోనే ఉంటాయి. ఇదే పోయె.”

“ఇమేజ్ గూడ తీసినా. వారం వారం.”

“శభాష్! యాడ పెట్టినావ్?”

“డిలో.”

ప్రభాకర్ నెత్తి పట్టుకున్నాడు. “అక్కా, సి, డి రెండు డిస్కులు గావు. ఒకే బీరువాకు రెండు అరలు. బీరువానే కాలిపోతే పై అర ఏంది, కింది అర ఏంది?”

“ఏ రాయి పొడి ఆ రాయికే అన్న్యాడు గురవయ్యన్న.”

“రాయి పగిలితే పొడి పగల్దు అక్కా. ఇది అట్ల గాదు.”

అది ఆమె తలకెక్కిందో లేదో. హైదరాబాద్‌కు పంపితే రాబట్టేవాళ్లున్నారని, కానీ వస్తుందని మాట ఇవ్వలేమని, వచ్చినా సంవత్సరీకంలోపు రాదని ప్రభాకర్ చెప్పాడు. సకీనా సంచిలోంచి నల్లడబ్బా తీసింది. అతను కొత్త డిస్క్ బిగించి, ఇమేజ్‌ను అందులోకి దింపాడు. సాయంత్రానికి కంప్యూటర్ ఏమీ జరగనట్టు లేచింది. తెర మీద కూతురు ఖుష్బూ బొమ్మ, ఎడమవైపు చెల్లాచెదురుగా ఫైళ్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. శేషయ్య ఫైలూ ఉంది. ఆమె తెరిచింది.

సన్నటి ముక్కు. జానకమ్మ ఇంకా చూడని, తిట్టని, దిద్దని మొదటి శేషయ్య.

“చెప్తి గదా, ఇమేజ్ ఆ రోజునే చూపిస్తాదని,” అన్నాడు ప్రభాకర్. ఆ క్షణంలో అనవలసిన మాట కాదది.

జానకమ్మకు దాచకుండా చెప్పింది. ఆమె తెర ముందు కూర్చుని, “పోయిండాడా?” అంది, రెండోసారి కబురు విన్నట్టు.

“మళ్లీ గీస్తా అవ్వా. అప్పుడు చెప్పినట్టే చెప్పు.”

“అప్పుడేం జెప్తి?”

“ముక్కు లావుండల్ల అంటివి.”

“ఎంత లావు?”

జానకమ్మ ఆ సన్నటి ముక్కును చూస్తూ చూస్తూ, “ఇట్లనే ఉండెనేమో,” అంది. మళ్లీ తనే, “కాదు కాదు,” అంది. కళ్లు మూసుకుంది. “నీకెట్ల చెప్పేది మా. నువ్వు గీసినకాడ్నుంచి కండ్లు మూస్తే ఆ బొమ్మే వస్తాండె. దాని వెనకున్నోడు రావడం మానుకున్న్యాడు. ఇప్పుడు బొమ్మా లేదు. నువ్వే గీయి, నీకు గుర్తుంటాది.”

సకీనా శేషయ్యను ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన ముఖం గుర్తున్న మనిషి ఇప్పుడు తానొక్కతే. చేతికి తోచినట్టు గీసింది, ముక్కుదూలం మీద గీతతో సహా. కిటికీలోంచి ఎండ వచ్చి తెర మీద పడింది. తెర తిప్పకుండా ఆమె ఎదురుచూసింది. జానకమ్మ తిప్పమనలేదు.

“అదేనా అవ్వా?”

“ఈయప్ప గూడ బాగుండాడు,” అంది జానకమ్మ.

ఒప్పుకోలో కాదో సకీనాకు తెలియలేదు. రెండు ముఖాలనూ కాగితాల మీద తీసి గురవయ్య ముందు పెట్టింది.

“ఏదీ?” అన్నాడతను.

“తెలీదన్నా.”

“తెలీనప్పుడు లావుగా వదలాల. రాయి తీయొచ్చు, చేర్చలేం. మీరైతే చేరుస్తారు, తీస్తారు, ఆఖరుకు పోగొట్టుకుంటారు.”

కళ్లు, నోరు, చెవులు పూర్తయ్యాయి. ముక్కు మాత్రం మొద్దులా, చూస్తే నవ్వొచ్చేలా ఉండిపోయింది. జానకమ్మను పిలిపించారు. ఆమె నవ్వలేదు. చెప్పులు విడిచి దగ్గరికి పోయి, కళ్లు మూసుకుని ముక్కు మీద వేలు పెట్టింది.

“తియ్యి.”

గురవయ్య తీశాడు. ఆమె మళ్లీ తడిమింది.

“ఇంగ కొంచిం. ఈ పక్క.”

గురవయ్య ఉలి పక్కన పెట్టి, రుద్దడానికి సన్నటి ఆకురాయి అందుకున్నాడు. ఆమె వేలు, అతని చెయ్యి వంతులవారీగా ఆ రాయి మీదికి పోయి వస్తున్నాయి. ఎవరూ కాగితాల వైపు చూడలేదు. రాలిన పొడి శేషయ్య కాళ్లదగ్గరి డబ్బాలోకి పోయింది.

“చాలు,” అంది జానకమ్మ.

సకీనాకు ఊపిరొచ్చింది. “అదేనన్నమాట అవ్వా.”

“చాలన్న్యా. అదని యాడన్న్యా?” అంది ముసలామె విసుగ్గా. చెప్పులేసుకుని బయటికి పోబోతూ, పైరేకుల సందులోంచి విగ్రహం ముఖం మీద పడుతున్న ఎండను చూసి ఆగింది. “గురవయ్యా, ఆడ ఒక గోనెపట్ట కట్టప్పా,” అంది.

ఆ సాయంత్రం సకీనా ఇమేజ్ తీసింది, నల్లడబ్బాలోకి. సన్నముక్కు ఫైలు చెరిపేద్దామని వేలు పెట్టి, మళ్లీ ఎందుకో వెనక్కి తీసుకుంది. రెండూ అట్లనే ఉంచుకుంది. స్నాప్‌షాట్‌కూ ఇమేజ్‌కూ తేడా అడిగితే ఇప్పుడు గడగడా చెప్తుంది. చేనిగట్టున నిలబడిన మనిషి శేషయ్యేనా అని అడిగితే మాత్రం, గురవయ్యన్నను అడగమంటుంది. గురవయ్య జానకమ్మను అడగమంటాడు. జానకమ్మను ఇంతవరకు ఎవరూ అడగలేదు.