ఊదారంగు చుక్క

1963లో నేను వికారాబాద్ వైపు పశువుల దవాఖానాలో స్టాక్‌మన్‌ని. అంటే డాక్టరు వెంట మందుల సంచి మోయడం, ఆయన రాలేని ఊళ్ళకు వెళ్ళి నేనే సూది వేయడం. అప్పట్లో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం.

ఆ ఏడు తొలకరికి ముందు దోమ అనే ఊరి వైపు గొర్రెల్లో చిటుకు రోగం కనిపించింది. సాయంత్రం గంతులేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. మల్లమ్మ అనే ముసలామెకు అరవై గొర్రెలు, అవే ఆమె బతుకు. పొద్దుగూకేదాకా సగానికి వ్యాక్సిన్ వేశాను. వేసినదానికల్లా వీపు మీద, ఉన్నిపై గుర్తుగా ఊదామందు చుక్క పెట్టాను. మిగతా సగానికి సరిగ్గా సరిపడే మందు మర్నాడు తెస్తానన్నాను. చుక్క ఎందుకో చెప్పలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి మంద మొత్తం బోడిగా నిలబడి ఉంది. ఉన్ని కత్తిరించే వంతు ఆ రోజు మల్లమ్మదట. వాడకట్టు వాళ్ళంతా పొద్దున్నే కత్తెరలతో వచ్చి పని ముగించేశారు. నా చుక్కలన్నీ మూలనున్న ఉన్ని కుప్పలో ఉన్నాయి.

“ఎవర్నడిగి కత్తిరించిన్రు?” అని మండిపడ్డాను.

“ఎవర్నడగాలె సారు? వంతు తప్పితే మల్ల ఎవరొస్తరు? గా మరక తియ్యొద్దని నువ్వు జెప్పకపోతివి,” అంది మల్లమ్మ నిదానంగా.

తప్పు నాదే. వేసినదానికే మళ్ళీ వేస్తే, మందు చాలక వేయనివి చిటుకు రోగం పాలవుతాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

“ఫికర్ జెయ్యకు, నాకెరుకే. గీ మచ్చ చెవులది సూది ఏపిచ్చుకున్నది. గా కుంటిది ఏపిచ్చుకోలే,” అంటూ ఆమె ఒక్కోదాన్నీ విడదీసింది. వేయనివాటికి నేను వేస్తూ పోయాను. చివరికి అచ్చం ఒకేలా ఉన్న కవల గొర్రెలు రెండు మిగిలాయి. మందు ఒక్కదానికే ఉంది.

మల్లమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. “గీ రెండింట్ల ఏది ఏపిచ్చుకున్నదో నాకు తెల్వదు సారు,” అంది, ఏమాత్రం చిన్నతనం లేకుండా.

“నాకూ తెల్వదవ్వా,” అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక ప్రాణం హాయిగా అనిపించింది.

ఏం తోచక సిరంజి పైకెత్తాను. ఒకటి నా జేబు వాసన చూస్తూ నిలబడింది. రెండోది చెంగున ఎగిరి మల్లమ్మ వెనక దాక్కుంది.

“అగో, నిన్న సూది తిన్నది గిదే,” అని ఆమె పడిపడి నవ్వింది. నేనూ నవ్వుతూనే జేబు వాసన చూసినదానికి వేశాను.

ఆ మందలో ఒక్కటీ చావలేదు. ఆ తర్వాత ఏ ఊళ్ళో సంచి దించినా ముందు “ఉన్ని ఎప్పుడు తీస్తరు?” అని అడిగేవాణ్ణి. తెలియనప్పుడు తెలియదనేవాణ్ణి. నాకు తెలియనిది లేదని నమ్మినన్నాళ్ళూ ఎవరూ నాకేమీ చెప్పలేదు. తెలియదన్నాక అందరూ చెప్పారు.