బుగ్గన వక్క

నిన్న మధ్యాహ్నం మిల్లులో దూది కమురు వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి కొంగుముడిలోని వక్క కోసం వెళ్ళింది. వక్క నమలడం నాకేమీ ఇష్టం కాదు. అది వెంకయ్య బాబాయి అంటించిపోయిన జబ్బు.

నరసరావుపేట శివారులోని ఈ జిన్నింగ్ మిల్లులో, పత్తి నుంచి గింజ వేరుచేసే మిషన్ల దగ్గర, ఆయన ఏళ్ళ తరబడి మేస్త్రి. పొద్దున్నే ఆయన "ఇక కానీండి" అంటేనే మిషన్లు తిరిగేవి. ఆయన నోటికి జడిసి మంచినీళ్ళకు కూడా అడిగి వెళ్ళేవాళ్ళం. తర్వాత యజమాని కూతురు మిల్లు చూసుకోవడం మొదలుపెట్టి, ఇక ఏ వరస మిషన్లు ఆ వరసవాళ్ళే నడుపుకోవాలి, ఆపుకోవాలి, మేస్త్రి ఎవరైనా తనను అడిగితేనే చెప్పాలి అంది. మా వరసవాళ్ళు నన్ను ముందుండమన్నారు.

మొదటి రోజు అందరం సిద్ధంగా నిలబడ్డాం. ఒక్క మిషనూ కదల్లేదు. బాబాయి కానీండి అనలేదు మరి!

"నా మొహాన ఏముందే? మిషను వంక చూడండి!" అని కసిరాడు. సాయంత్రం దాకా అరుస్తూనే ఉన్నాడు, అరవకూడదని గుర్తొచ్చినప్పుడల్లా నాలిక కరుచుకున్నాడు. మర్నాడు బుగ్గన వక్కతో వచ్చాడు.

"ఏంది బాబాయ్, కొత్త అలవాటు?" అన్నాను.

"నోరు ఊరుకోదమ్మాయ్. దానికో పని పెట్టా."

అందరూ నవ్వారు. నాకు మాత్రం జాలేసింది. చెప్పడమే బతుకైన మనిషికి చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ దవడ చూస్తే తెలిసేది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, గేటు దగ్గర లారీ హారన్ కొడుతుండగా, కమురు వాసన వచ్చింది. "బీడీ వాసనలే. ఇప్పుడాపితే లోడు పోద్ది" అన్నారు మావాళ్ళు. దూదికి నిప్పంటుకుంటే మనుషులు బయటపడటమే కష్టం. ఊరికే ఆపితే నవ్వులపాలు. బాబాయి వంక చూశాను. మెయిన్ స్విచ్ ఉన్న గోడకానుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, నన్నే చూస్తున్నాడు. ఒక్క మాట అనడేం అని ఒళ్ళు మండిపోయింది. "ఆపండే!" అని అరిచి నేనే మిషను ఆపేశాను.

విప్పి చూస్తే బేరింగు కాలిపోయి ఉంది. పక్కన దూది నల్లబడింది.

ఏడుస్తూ ఆయన మీదికి వెళ్ళాను. "తగలబడితే ఏం చేసేవాడివి? నీకు వాసన రాలా?"

"నీకంటే ముందే వచ్చింది." వెనకనుంచి చెయ్యి తీసి చూపించాడు. అరచేతిలో స్విచ్ పిడి అచ్చు పడి ఉంది. "ఇంకాస్త చూసి నేనే లాగేసేవాణ్ణి. కానీ నేను లాగితే రేపు మళ్ళీ నా మొహమే చూస్తారు. చానా భయమేసిందమ్మాయ్. వక్క ఎప్పుడు మింగానో తెలీలా."

బాబాయి ఇప్పుడు లేడు. మేస్త్రిని నేనే. నిన్న ఆ వాసనకు అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. వక్క బుగ్గన పెట్టుకుని, వెనక్కి చెయ్యి పోనిచ్చి స్విచ్ పట్టుకున్నాను. "ఆపండి!" అని ఎవరో అరిచారు. నేను స్విచ్ లాగకముందే మిషను ఆగింది.

చూసుకుంటే నా బుగ్గన వక్క లేదు.