ఖడ్గపాణి చావు మీద స్టే

ఆ రోజుల్లో చిత్తూరులోని మా ఇంట్లో ఏ తగాదా వచ్చినా అది తగాదాగా ఉండేది కాదు, కేసు అయ్యేది. తాత వకీలు గుమాస్తా కావడంతో మాకు ఓనమాల కంటే ముందే ‘వాయిదా’ అనే మాట వచ్చేసింది. పెద్ద దోసె ఎవరిదన్న విషయం మీద కూడా ఆయన ఇరుపక్షాల వాదనలు వినేవాడు (ఈలోగా దోసె చల్లారితే కోర్టుకు సంబంధం లేదు). అలాంటి ఇంట్లో పెరిగి కూడా నేను న్యాయాన్ని నమ్మానంటే, ఎంత అమాయకుణ్ణో మీరే ఊహించుకోండి.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, మద్రాసులో ఇంజనీరింగు చదివే చిన్నమామ హాస్టల్లో నేర్చుకున్న వింత ఆట ఒకటి పట్టుకొచ్చాడు. గడులుండవు, పావులుండవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు అందులో వీరులో మాంత్రికులో అయిపోయి ఏం చేస్తారో నోటితో చెప్పాలి. అది పారిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. కొన్నాళ్ళు ఆడించి, పాచికలూ రూళ్ళ పుస్తకమూ సంచిలో వేసుకుని మామ మద్రాసు బస్సెక్కేశాడు. కథ చెప్పే పని మా పెద్దమ్మ కూతురు అక్కకు దక్కింది (అప్పటికి పదో తరగతే గానీ, పుట్టుకతోనే హెడ్‌మిస్ట్రెస్). పాచికకు బదులు ఒకవైపు అరగదీసిన చింతపిక్క. తెల్లవైపు పడితే గెలుపు, నల్లవైపు పడితే చావు. చచ్చినవాడు సెలవులయ్యేదాకా ఆటలోకి రాకూడదు, వాడి ఆయుధం పక్కవాడికి పోతుంది. నేను ఖడ్గపాణిని, పెద్దమామ కొడుకు బొండాం మాంత్రికుడు. బడిలో లెక్కల అయ్యవారు పేరు పిలిస్తేనే పక్కవాడి వెనక నక్కే నేను, ఖడ్గపాణినయ్యాక పులిని కూడా ‘పక్కకు జరుగు’ అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆ సెలవుల్లో నాకు నాకంటే వాడే ఎక్కువ ఇష్టం.

ఒక మధ్యాహ్నం వసారాలో ఆడుతున్నాం. ఖడ్గపాణి రాక్షసుడి గుహలోకి దూకాడు. “పిక్క ఎయ్‌రా,” అంది అక్క. వేశాను. అది దొర్లుకుంటూ గడప దాటిందో లేదో, అవ్వ పెంచుకుంటున్న ఎర్రపెట్ట పరుగున వచ్చి గుటుక్కున మింగేసింది.

“సచ్చినాడు! కత్తి నాది,” అన్నాడు బొండాం.

“యాడ సచ్చినాడు? నల్లది పడిండేది నువ్వు సూసినావా?” అన్నాను.

“తెల్లది పడిండేది నువ్వు సూసినావా?”

“కత సెప్పేది నేను,” అంది అక్క. “పిక్క లేదంటే గెలుపు లేదు. సచ్చినట్టే.”

నేను ఏడుస్తూ తాత దగ్గర అప్పీలు చేసుకున్నాను. ఆయన పడక్కుర్చీలోంచి లేచి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “కోడి మింగేటప్పుడు పిక్క దొర్లతా ఉన్నిందా, నిలిచిందా?”

“దొర్లతానే ఉన్నింది తాతా.”

“సూడప్పా, అట్లయితే తీర్పు ఇంకా రాలేదు. ఖడ్గపాణి సావు మీద స్టే ఇస్తా ఉండా. మీ మామ వచ్చి రూలు సెప్పేదాకా వాడు సచ్చినోడూ కాదు, బతికినోడూ కాదు. కోడి జాగర్త, అది సాక్షి.”

ఆ రోజు నుంచి నేనూ బొండామూ సాక్షి వెనకాలే తిరిగాం. పిక్క ఎప్పుడో ఒకప్పుడు బయట పడకపోతుందా, పడితే ఏ వైపు పడుతుందో అని ఇద్దరికీ ఆశ. “దాన్ని గుడ్డన్నా పెట్టనీయండిరా, పోలీసోళ్ళ మాదిరి ఎనకాలే పడతారేమి!” అని అవ్వ తిట్టేది. ఆటలో ఖడ్గపాణి పరిస్థితి మరీ ఘోరం. స్టే వల్ల గుహ నోట్లో ఒక కాలు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కథ వాడి చుట్టూ తిరిగి ముందుకు పోయేది. ఒకసారి మాంత్రికుడు తన తడి ధోవతి వాడి కత్తి మీద ఆరేసుకున్నాడు కూడా. నేను అభ్యంతరం చెప్పాను గానీ, చావూ బతుకూ తేలనివాడికి అభ్యంతరం చెప్పే హక్కు లేదని అక్క కొట్టేసింది.

చివరికి మామ వచ్చాడు. మేం మామిడితోపు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి భోజనానికి కూర్చుని ఉన్నాడు. ముక్క కొరుకుతూనే కేసంతా విన్నాడు. “పుస్తకంలో కోడి సంగతి లేదురా. రూలు తెలీనప్పుడు కత సెప్పేవాళ్ళ మాటే రూలు,” అన్నాడు.

“ముందు సాక్షిని పిలవండి,” అన్నాడు తాత.

“సాక్షీ లేదు గీక్షీ లేదు,” అంది అవ్వ వంటింట్లోంచి. “నా కొడుకు మద్రాసులో ఎండిపోయి వచ్చినాడు.”

అందరం మామ ఆకు వైపు చూశాం. మామ కొరకడం ఆపేశాడు.

అక్క గొంతు సవరించుకుని, ఖడ్గపాణి చచ్చాడని తీర్పు చెప్పింది. బొండాం చెయ్యి చాచాడు. నేను నడుముకు లేని కత్తిని దూసి, రెండు చేతులతో వాడికి అప్పగించి, వెక్కివెక్కి ఏడ్చాను. ఆ పూట కూర ముట్టలేదు (రాత్రి అవ్వ వేడి చేసి పెట్టినప్పుడు మాత్రం ముట్టాను).

ఇన్నేళ్ళకు, తలంతా నెరిశాక, ఇదంతా రాస్తూ ఉంటే మామ మాట కొత్తగా వినబడింది. కథ చెప్పేవాళ్ళ మాటే రూలు. ఈసారి చెబుతున్నది అక్క కాదు, నేను. అందువల్ల అందరికీ తెలియజేసేదేమంటే, ఆ పిక్క కోడి కడుపులో తెల్లవైపే పడింది. బొండాం కత్తి తిరిగి ఇచ్చేయాలి. ఖడ్గపాణి క్షేమంగా ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులు కదా, గుహలోకి దూకడం మాత్రం మానేసి, గోడ పట్టుకుని మెల్లగా దిగుతున్నాడు.