పెద్దమ్మ కట్టించిన గుట్ట

మా పక్క క్వార్టర్ పెద్దమ్మ ఇక లేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. వెక్కి వెక్కి ఏడుస్తూనే మధ్యలో ఆగి, "అక్కా, గుట్ట అయ్యిందా?" అని అడిగింది. కాలేదు. తూర్పు వైపు ఇంకా మిగిలే ఉంది.

ఏ గుట్ట అంటారా? చదరపు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి లోకాలు కట్టుకునే వీడియో గేములు ఉంటాయి కదా, వాటిలో కొండలు, వాగులు ఎంత ఎత్తున, ఎంత లోతున ఉండాలో దిద్దడం నా పని. భూపాలపల్లిలో మా నాన్నకిచ్చిన గని క్వార్టర్‌లోనే కూర్చుని చేస్తాను. పెద్దమ్మ పొద్దున్నే చాయ్ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడేది. ఒకరోజు నేను మురిసిపోతూ కట్టుకున్న కొండను చూసి, "గిదేం గుట్టనే? గంప బోర్లిచ్చినట్టున్నది" అంది. నాకు ఒళ్లు మండింది. "మరి గుట్ట ఎట్లుంటదో నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె పుట్టిల్లు నర్సింహులపేట దాటాక వచ్చే ఓ తండా. తండా పక్కనున్న గుట్టను క్వారీ వాళ్లు సగం కోసుకుపోయారు. "మిగిలింది గూడ పోతది బిడ్డా. నేను మర్శిపోకముందే నిండు గుట్టను కట్టియ్యరాదు" అంది. ఫొటో ఉందా అంటే తన పెళ్లి ఫొటో తెచ్చింది. గుట్ట ఉండాల్సిన చోటంతా చుట్టాలే. "మీ పెదనాయిన తలకాయ అడ్డమొచ్చింది. ఎన్నడన్న ఏదన్న జూడనిచ్చిండా?" అని పడిపడి నవ్వింది.

ఇక ఆధారం ఆమె మోకాళ్లే. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని చిన్నప్పుడు ఎక్కి దిగిన గుట్ట అది. "ఈడ దమ్ము తీసుకునేది" అంటే అక్కడ కాస్త చదును చేసేదాన్ని. "ఈడ చెయ్యి ఆనిచ్చి ఎక్కాలె" అంటే రెండు దిమ్మెల ఎత్తు పెట్టేదాన్ని. మా ఆటలో బొమ్మ ఒక దిమ్మె ఎగిరి ఎక్కుతుంది, రెండయితే ఆగిపోతుంది. కింద వాళ్ల తండా ఇళ్లు కూడా కట్టాం. అంచులు సాపు చేస్తే మాత్రం ఊరుకునేది కాదు. "సక్కగున్నదంటే మనిషి ముట్టిండన్నట్టే" అనేది. ఇప్పుడు ఏ కొండ దిద్దుతున్నా ఆ మాట గుర్తొచ్చి రెండు మూడు దిమ్మెలు తీసేస్తాను.

బొమ్మను తానే నడిపి తనిఖీ చేసేది. ఓసారి అంచు మీంచి పడి "సచ్చిన!" అని కేకేసింది. బొమ్మ మొదలుపెట్టిన చోటే మళ్లీ లేచి నిలబడింది. "అరె, మల్ల లేపుతదా? గిదేదో మంచిగున్నది" అని కావాలనే ఇంకోసారి దూకింది. దవాఖానలో చేరాక కూడా ఫోన్‌లో గుట్ట ముచ్చటే. తూర్పు కొస ఒక్కటే ఆమెకు గుర్తు రాలేదు. "మా తమ్ముణ్ణి అడగాలె" అంటూ ఉండగానే వెళ్లిపోయింది. పని సగంలో వదిలేసి పోయిందని నాకు కోపం కూడా వచ్చింది.

దినం ఆమె పుట్టింట్లోనే పెట్టుకుంటే తండాకు లాప్‌టాప్ పట్టుకుపోయాను. చావింట్లో ఆట తెరవడమేమిటని జంకుతుంటే ఆమె తమ్ముడే, "అక్క చెప్పింది నాకు. సూపియ్యి" అన్నాడు. ముసలివాళ్లంతా మూగి తమ భాషలో పోట్లాట మొదలుపెట్టారు. అక్కడ ఎత్తు చాలదని ఒకరు, బండ ఇటు కాదని ఒకరు. ఏడ్చి ఉబ్బిన మొహాలతోనే నవ్వుకున్నారు. తమ్ముడు వేలు పెట్టి చూపిన చోటల్లా దిమ్మెలు పేర్చాను. తూర్పు భుజం లేచింది.

"గంతే. ఇగ ముట్టకు" అన్నాడు.

క్వారీ కోసినప్పటి నుంచి ఆ ఇళ్ల మీద పొద్దు పొడవగానే ఎండ పడుతోందట. ఒకప్పుడు సూర్యుడు గుట్ట దాటి రావడానికి చాలాసేపు పట్టేదట. ఆటలో తెల్లవారింది. ఆకాశమంతా వెలుగొచ్చింది కానీ సూర్యుడు గుట్ట వెనకే ఉన్నాడు. కింద తండా ఇంకా నీడలోనే ఉంది. తమ్ముడు కుర్చీ ముందుకు లాక్కుని తెర మీదికి వంగాడు.

"అక్క వాకిట్ల ఇంక ఎండ రాలే" అన్నాడు.