పలక ఒక్కటే అతనిది

ఆ రోజు సాయంత్రం ఐదూ పదికి మ్యాట్నీ వదిలారు. మార్కాపురం సినిమా హాలు మా ఇంటికి నాలుగు సందుల అవతల. జనం మాటలు వినపడగానే గోడ గడియారం వైపు చూశాను. ఎందుకు చూశాను? ఎవరు వస్తారో తెలుసు గనక. అప్పటి నుంచి మోస్తున్న బరువును ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరు మోయనక్కర్లేదు. వింటే చాలు.

మా తాలూకాలను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన తొలి రోజులవి. నేను బడిపంతులుని. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి మీద ఒక నాటకం రాశాను. తండ్రి వేషం కొండయ్యది. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఎన్ని ఊళ్ళ పిల్లలు అతను కోసిన పలకల మీద దిద్దారో లెక్క లేదు గాని, అతనికి మాత్రం ఒక్క అక్షరం రాదు. నేను నోటుబుక్కు చూసి పైకి చదివేవాణ్ణి. రెండుసార్లు వింటే చాలు, అతనికి వచ్చేసేది. నేను చదివిందే రాసి ఉందని నమ్మేవాడు. నమ్మకపోవడానికి అతనికి వేరే దారి ఏముంది?

నాటకం రెండు మూడు ఊళ్ళలో ఆడాక కొండయ్య కూతురు జ్వరంతో పోయింది. ఏడేళ్ళ పిల్ల. మూడు నెలలకు గిద్దలూరులో ప్రదర్శన వచ్చింది. నేను వద్దన్నాను. అతను వస్తానన్నాడు. చివరి రంగంలో తండ్రికి నేను రాసిన రెండు పేజీల ప్రసంగం ఉంది. విధి, దైవం, లోకం. అన్నీ పెద్ద మాటలు. కొండయ్య వాటిలో ఒక్కటీ అనలేదు. సంచిలోంచి కూతురి పలక తీశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్నట్టు నాకు కూడా చెప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మెల్లగా అన్నాడు.

"పలక తుడవలేదు తల్లీ. సగం రాసి పండుకున్నావు. మిగతా సగం నేనెట్ల రాసేది? నాకు రాదు గదా."

అంతే. తెర దించేవాడు తాడు లాగడం మరిచిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే చెప్పాడు. బిడ్డతో మాట్లాడటానికి అతనికి ఆ చోటు ఒక్కటే మిగిలిందని నాకు అప్పుడే తెలుసు. ఆ తర్వాత నేను చేసిందంతా తెలిసి చేసిందే.

ఒంగోలులో ఆడినప్పుడు మద్రాసు నుంచి వచ్చిన ఒక దర్శకుడు చూశాడు. పలక సీను కోసమే ఈ నాటకాన్ని సినిమాగా తీస్తానన్నాడు. ఆ మాటలు మీకెలా తట్టాయి అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మద్రాసుకు పంపిన ప్రతిలో నా ప్రసంగం తీసేసి కొండయ్య మాటలు పెట్టాను. అతని పేరు ఎక్కడా రాయలేదు. మరిచిపోయి కాదు.

సినిమాలో చాలా మారిపోయాయి. తండ్రిని బండివాణ్ణి చేశారు. పాటలు వచ్చి చేరాయి. ఆ సీను మాత్రం మాట పొల్లు పోకుండా ఉంది.

ఆ సాయంత్రం మ్యాట్నీ వదలగానే హాల్లోంచి కొండయ్య తిన్నగా మా ఇంటికే వచ్చాడు.

"ఏమన్నో! తెర మీద నీ పేరు ఇంత లావు పడింది. టీ అయినా తాపుతావా, ఇంగ మాతో మాట్లాడవా?" అన్నాడు. "ఆ హీరో బాగనే ఏడ్చినాడు గాని, పలక పట్టుకునేది తెల్దు. ఇస్తరాకు పట్టుకున్నట్ల పట్టుకున్నాడు."

ఇద్దరం నవ్వాం. టీ సగం తాగాక గ్లాసు కింద పెట్టాడు.

"అది సరే గాని అన్నా, నా బిడ్డకు చెప్పుకున్న మాటలు వాళ్ళకెట్ల తెలిసినాయి?"

నేనే ఇచ్చాను, నీ పేరు చెప్పలేదు. ఈ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. విని ఏం చేసేవాడు? బహుశా సంతోషపడేవాడు. ఇన్నేళ్ళుగా నేను తట్టుకోలేకపోతున్నది అదే.

"అవి నాటకంలో ముందు నుంచీ ఉన్నవే కొండయ్యా," అన్నాను.

"యాడ, ఆ ఎర్రట్ట నోటుబుక్కులోనా?"

తీశాను. చివరి పేజీలు తెరిచాను. అతను పక్కకు జరిగి కాగితం మీదికి వంగాడు. నేను వేలు పెట్టి చదివాను. పలక తుడవలేదు తల్లీ. సగం రాసి పండుకున్నావు. వేలు మాత్రం 'విధి' అన్న మాట కింద ఉంది.

కొండయ్య ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"అట్లనా. బిడ్డ పోయినాక నాకు మతి సరిగా లేదన్నా. నేనే చెప్పుకున్నా అనుకుంటిని. ఇన్నాళ్ళు నీ మాటలే దానికి చెప్తా ఉన్నానా?" నోటుబుక్కు నా వైపు జరిపి, "అయితే పలక ఒక్కటే నాదన్నమాట," అన్నాడు. ఏమనుకోవద్దని నాకే చెప్పి వెళ్ళిపోయాడు.

నిజంగా నమ్మాడా? నా పరువు కోసం నమ్మినట్టు నటించాడా? ఆ తర్వాత యర్రగొండపాలెంలో ఆడాల్సి ఉంటే గొంతు బాగా లేదని కబురు పంపాడు. మళ్ళీ ఎన్నడూ వేషం కట్టలేదు. ఎదురుపడితే నవ్వేవాడు. పలక సంగతి ఎత్తేవాడు కాదు.

కొండయ్య పోయిన నెల పోయాడు. ఊపిరితిత్తుల్లో రాతి పొడి. పదకొండో రోజున అతని భార్య నన్ను కూర్చోబెట్టి అడిగింది. "నీ మాటలంటే ఆయనకు ప్రాణం అన్నా. ఆ పలక మాటలు ఒక్కసారి చదువు, వింటాను."

కళ్ళద్దాలు తేలేదమ్మా అన్నాను. అద్దాలు జేబులోనే ఉన్నాయి.

ఇంటికి వచ్చి ఎర్రట్ట నోటుబుక్కు తీశాను. నా ప్రసంగం మీద గీత కొట్టి, కింద అతని మాటలు రాసి, అతని పేరు రాశాను. ఎవరి కోసం? చదవలేనివాడు పోయాడు. ఆమెకూ చదువు రాదు. వెళ్ళి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు దక్కవలసింది కాదని కూడా తెలుసు.

ఇప్పటికీ వీధిలోవాళ్ళు చదివిపెట్టమని ఉత్తరాలు, శుభలేఖలు పట్టుకొస్తారు. ఎదురింటి పిల్లను చూపించి పంపేస్తున్నాను. నేను ఎవరికీ ఏదీ పైకి చదివి వినిపించడం లేదు.